చెరువుకు పేరు పెడితే బాకీ తీరుతుందా?

(‘యుద్ధాలు - స్త్రీలు’ అనే అంశంపై అనంతపురంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధాలూ స్త్రీలూ అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. యుద్ధం అనగానే ఎవరికైనా సరిహద్దు గుర్తొస్తుంది. మన అనంతపురానికి సరిహద్దు దూరం, సముద్రమూ దూరమే. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. ఆ కాస్త వానా వేళకు రాదు. ఇక్కడ రోజూ చేసే యుద్ధం నీళ్ళ కోసం, కూలి కోసం. అయినా ఈ మెట్ట నేల నుంచి కూడా సైన్యంలోకి వెళ్ళిన పిల్లలున్నారు. వాళ్ళ కోసం వాకిట్లో ఎదురుచూసిన తల్లులున్నారు.

వాళ్ళ సంగతికి వచ్చే ముందు ఒక కెనడా కుర్రాడి గురించి చెప్తాను. చనిపోయిన సైనికుణ్ణి ఒక దేశం ఎంత శ్రద్ధగా గుర్తుపెట్టుకోవచ్చో అతని కథలో కనిపిస్తుంది. అంత శ్రద్ధలో కూడా ఎవరు మరుగున పడిపోతారో కూడా కనిపిస్తుంది. మనం ఏం అడగాలో తేల్చుకోవడానికి ఈ రెండూ తెలియాలి.

అతని పేరు ఆండ్రూ మైనార్‌స్కీ. 1916లో కెనడాలోని మానిటోబా రాష్ట్రం, విన్నిపెగ్ నగరంలో పుట్టాడు. పోలండ్ నుంచి పొట్టచేతబట్టుకుని వచ్చిన కుటుంబం. అతనికి పదహారేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఇల్లు గడవడానికి బొచ్చు దుస్తులు తయారుచేసే చోట తోలు కత్తిరించే పనిలో చేరాడు. మన ధర్మవరంలో తండ్రి పోయిన పిల్లవాడు మగ్గం గుంటలోకి దిగినట్టే. 1941లో కెనడా వైమానిక దళంలో చేరాడు. 1942 చివర్లో సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళాడు.

1944 జూన్ 12వ తేదీ రాత్రి. మిత్రరాజ్యాల సైన్యాలు నార్మండీ తీరంలో దిగి ఆరు రోజులైంది. జర్మన్ సైన్యానికి రైళ్ళలో సామగ్రి చేరకుండా ఆపడానికి ఉత్తర ఫ్రాన్సులోని కాంబ్రే రైల్వే యార్డు మీద బాంబులు వేయాలని ఆజ్ఞ. 419వ స్క్వాడ్రన్ లాంకాస్టర్ విమానంలో ఏడుగురున్నారు. ఆ జట్టుకు అది పదమూడో దాడి. మైనార్‌స్కీ విమానం నడుం మీద ఉండే తుపాకీ దగ్గర ఉన్నాడు. అతని స్నేహితుడు పాట్ బ్రోఫీ తోక చివర అద్దాల గూటిలో ఇంకో తుపాకీ దగ్గర ఉన్నాడు. లక్ష్యం చేరేలోపే జర్మన్ విమానం కాల్చింది. ఎడమవైపు రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. మంటలు లేచాయి. దూకెయ్యమని పైలట్ చెప్పాడు.

మైనార్‌స్కీ తలుపు దగ్గరికి వచ్చాడు. దూకితే బతికేవాడేమో. వెనక్కి తిరిగి చూస్తే బ్రోఫీ గూడు బిగుసుకుపోయి ఉంది, లోపల అతను చిక్కుకుపోయాడు. మైనార్‌స్కీ మంటల్లోంచి పాక్కుంటూ వెళ్ళి గొడ్డలితో తలుపు తీయబోయాడు, తర్వాత చేతులతో పీకాడు. ఒంటిమీది బట్టలు అంటుకున్నాయి. ఇక లాభం లేదు, వెళ్ళిపొమ్మని బ్రోఫీ సైగ చేశాడు. మైనార్‌స్కీ స్నేహితుడి వైపే చూస్తూ తలుపు దాకా వెనక్కి జరిగి, కాలుతున్న చేత్తో సెల్యూట్ చేసి దూకాడు. పారాచూట్ కూడా అంటుకుంది. కింద ఫ్రెంచివాళ్ళు అతన్ని చేరదీశారు గానీ కాలిన గాయాలతో చనిపోయాడు. అప్పటికి వయసు 27. మెహారికూర్ అనే పల్లె శ్మశానంలో సమాధి ఉంది.

బ్రోఫీ మాత్రం బతికాడు. విమానం నేలకు గుద్దుకున్నప్పుడు గూడు ఊడి అతను బయట పడ్డాడు. ఫ్రెంచి ప్రతిఘటన దళాలవాళ్ళు దాచి కాపాడారు. అతను చెప్పబట్టే మైనార్‌స్కీ ఏం చేశాడో లోకానికి తెలిసింది. 1946 అక్టోబరులో విక్టోరియా క్రాస్ ప్రకటించారు. దాన్ని అందుకున్నది అతని తల్లి.

ఆ తర్వాత అతని పేరు చాలాచోట్ల నిలిచింది. విన్నిపెగ్‌లో ఒక బడికి ఆ పేరు పెట్టారు. ఇంగ్లండులో అతను ఆఖరిసారి ఎగిరిన విమానాశ్రయం దగ్గర 2005లో విగ్రహం నిలబెట్టారు. కెనడాలో ఇప్పటికీ ఎగరగలిగే లాంకాస్టర్ ఒకటుంది, దానికి అతని విమానం గుర్తులే వేశారు. మానిటోబా ఉత్తర ప్రాంతంలో అతని పేరుతో చెరువులు కూడా ఉన్నాయి. ఈ చెరువుల సంగతి పతకం వచ్చిన అతనితో ఆగలేదు. యుద్ధాల్లో చనిపోయిన తమ పిల్లలందరి పేర్లూ చెరువులకూ దీవులకూ కొండలకూ పెట్టుకుంటూ వచ్చింది మానిటోబా. అలాంటివి 4,000కు పైగా ఉన్నాయి. ఆ పిల్లల్లో చాలామంది చేసిన ఘనకార్యం చెప్పడానికి ఏ బ్రోఫీ మిగల్లేదు. అయినా పేరు ఉంది.

ఇలా ఎంతమంది పోయారు? బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో సుమారు 1,25,000 మంది విమాన సిబ్బంది పనిచేస్తే 55,573 మంది చనిపోయారు. అందులో కెనడావాళ్ళే పది వేలకు పైగా. ఎక్కువమంది ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. చాలా ఇళ్ళకు మొదట వచ్చిన తంతిలో ఉన్న మాట ‘గల్లంతు’. చనిపోయాడని కాదు, బతికున్నాడని కాదు. సాధారణంగా ఆరు నెలలు చూసి, చనిపోయినట్టు భావిస్తున్నామని ఇంకో కాగితం పంపేవారు. యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ వైమానిక దళం లెక్కల్లో 41,000 మందికి పైగా గల్లంతైనవాళ్ళున్నారు. వాళ్ళను వెతకడానికే ఒక విభాగం పెట్టారు. ఆ విభాగంవాళ్ళు పల్లె పల్లె తిరిగి, ఊరివాళ్ళను అడిగి, శ్మశానాల్లో తవ్వి, ఉంగరాలూ బట్టల మీది గుర్తులూ చూసి సగానికి పైగా మందిని గుర్తుపట్టారు. దొరకనివాళ్ళ పేర్లు, 20,000కు పైగా, ఇంగ్లండులోని రన్నిమీడ్ దగ్గర రాతిమీద చెక్కించారు.

తల్లుల కోసం కెనడా 1919లోనే ఒక పతకం పెట్టింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, భర్తను పోగొట్టుకున్న భార్యకు వెండి శిలువ ఇస్తారు. ప్రతి నవంబరు 11న అటువంటి తల్లుల్లో ఒకరు అందరి తరఫునా ఒట్టావాలో యుద్ధ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచుతారు. బిడ్డను పంపాలా వద్దా అని ఏ ప్రభుత్వమూ ఆ తల్లిని అడగలేదు. వాడు పోయాక మాత్రం మొదటి వరసలో కుర్చీ వేసింది. ఈ తేడా మనం గమనించాలి. పతకం విలువలేనిదని నేను అనను. బిడ్డ పేరు పదిమంది నోట వినడం తల్లికి చిన్న విషయం కాదు. కానీ తల్లిని గౌరవించడం వేరు, ఆమె మాటకు విలువ ఇవ్వడం వేరు.

ఇంక ఆ విమానాల కింద ఉన్నవాళ్ళ మాటకు వద్దాం. 1943 జూలైలో హాంబర్గ్ మీద జరిగిన దాడుల్లో 35,000 మందికి తక్కువ కాకుండా చనిపోయారు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో సుమారు 25,000 మంది. విడుదల చేయడానికి వెళ్ళిన ఫ్రాన్సులోనే మిత్రరాజ్యాల బాంబుల వల్ల యుద్ధకాలమంతా కలిపి 50,000 మందికి పైగా పౌరులు పోయారు. మగవాళ్ళు యుద్ధరంగంలో ఉంటే నగరాల్లో మిగిలింది ఎవరు? ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. వాళ్ళ పేర్లతో చెరువులు లేవు. 2012లో లండన్‌లో బాంబర్ కమాండ్ స్మారకం కట్టినప్పుడు, బాంబుదాడుల్లో చనిపోయిన అన్ని దేశాలవాళ్ళనూ తలచుకుంటూ ఒక వాక్యం చెక్కించారు. అరవై ఏడేళ్ళు పట్టినా ఆ వాక్యం రావడం మంచిదే. నాజీలను ఓడించడం అవసరమే. అంతమాత్రాన కింద కాలిపోయిన తల్లిని లెక్కలోంచి తీసెయ్యడానికి లేదు. మైనార్‌స్కీ కోసం బాధపడే మనసు ఆమె కోసం కూడా బాధపడాలి. స్త్రీల ఉద్యమం చేయగలిగింది ఇదే అని నేననుకుంటాను: ఇద్దరు తల్లుల పేర్లూ ఒకే కాగితం మీద రాయడం.

ఇదంతా ఎక్కడో ఐరోపా సంగతి అనుకోకండి. మన తీరానికీ ఆ యుద్ధం వచ్చింది, కెనడా కుర్రాళ్ళ కథ కూడా దానితో ముడిపడి ఉంది. 1942 ఏప్రిల్ 4న సింహళంలోని కొగ్గల నుంచి కెనడాకు చెందిన 413వ స్క్వాడ్రన్ విమానం సముద్రం మీద గస్తీ తిరుగుతోంది. పైలట్ లియోనార్డ్ బర్చాల్. జపాన్ యుద్ధనౌకల దండు వస్తోందని కనిపెట్టి వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే జపాన్ విమానాలు కూల్చేశాయి. తొమ్మిదిమందిలో ముగ్గురు చనిపోయారు, మిగిలినవాళ్ళు ఖైదీలయ్యారు. మర్నాడు ఈస్టర్ ఆదివారం కొలంబో మీద బాంబులు పడ్డాయి. ఆ మర్నాడు, ఏప్రిల్ 6న, బంగాళాఖాతంలోకి వచ్చిన మరో జపాన్ దండు విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పరుగుతీశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. మద్రాసు నగరం సగం ఖాళీ అయింది. ఏప్రిల్ 9న అదే స్క్వాడ్రన్‌కు చెందిన ఇంకో విమానం శత్రు నౌకల్ని చూసి కబురు పంపి కూలిపోయింది. దాంట్లోంచి ఎవరూ తిరిగి రాలేదు.

విశాఖలో ఆ రోజు పడి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. బడిపిల్లలు వెళ్ళి చూస్తారు. మరి ఆ రోజు చనిపోయినవాళ్ళ పేర్లు మనలో ఎవరికి తెలుసు? వాళ్ళ ఆడవాళ్ళు తర్వాత ఎలా బతికారు? బాంబును దాచుకున్నంత జాగ్రత్తగా మనుషుల పేర్లు దాచుకోవడం మనకింకా అలవాటు కాలేదు.

ఆ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మంది పనిచేశారు, 87,000 మంది చనిపోయారు. మద్రాసు రాష్ట్రం నుంచి లక్షల మంది చేరారు. కరువుతో మాడిన జిల్లాల్లో సైన్యంలో చేరడమంటే దేశభక్తి కంటే ముందు రెండుపూటలా తిండి, నెలకు ఇంత డబ్బు. చనిపోయినవాళ్ళందరినీ సమానంగా గుర్తుపెట్టుకుంటామని బ్రిటిష్ సామ్రాజ్యం మాట ఇచ్చింది. ఆ మాట మొదటి ప్రపంచయుద్ధం నాడే తప్పింది. ఆసియా, ఆఫ్రికా దేశాల సైనికులూ కూలీలూ కనీసం 1,16,000 మంది పేర్లు ఎక్కడా చెక్కలేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండొచ్చని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. కెనడా తల్లికి తంతి అందింది. మన తల్లుల్లో ఎందరికి ఏ కబురూ అందలేదో ఆలోచించండి.

గుర్తుపెట్టుకోవడం మన నేలకు తెలియని పని కాదు. పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చూడండి. చెరువు గండిపడబోతే ఊరిని కాపాడటానికి ఒక ఇంటి చిన్నకోడలు ముసలమ్మ బలి అయిందని కథ. కట్టను ముసలమ్మ కట్ట అంటారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆమె మీద ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశారు. కెనడావాళ్ళు చెరువుకు కొడుకు పేరు పెడితే మనవాళ్ళు కట్టకు కోడలి పేరు పెట్టారు. ఆమెను తలచుకుని దండం పెట్టేవాళ్ళను నేను తక్కువ చేయను. కానీ ఇన్ని వందల ఏళ్ళుగా ఆమె త్యాగం చెప్పుకుంటున్నాం గానీ, ఊరంతా ఉండగా ఆ పిల్లే ఎందుకు పోవాల్సొచ్చింది అని ఎవరైనా అడిగారా? కట్ట సకాలంలో మరమ్మతు చేయించని పెద్దలెవరు? త్యాగం అనే మాట ఎంత పెద్దగా వినిపిస్తే ఈ ప్రశ్న అంత చిన్నగా అయిపోతుంది. సైనికుడి విషయంలోనూ ఇంతే.

2025 మే నెలలో గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన మురళీ నాయక్ అనే యువకుడు జమ్మూ కశ్మీరులో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. తండా పిల్లవాడు. తల్లిదండ్రులు ముంబైలో కూలిపని చేసి బతికినవాళ్ళు. జనం వేలల్లో వచ్చారు, మంత్రులు వచ్చారు, పాడె మోశారు. రావలసిందే. అయితే అతను అగ్నివీరుడు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ళకే ఉద్యోగం. విధుల్లో చనిపోతే బీమా, ఎక్స్‌గ్రేషియా డబ్బు ఉన్నాయి గానీ, మామూలు జవాను కుటుంబానికి నెలనెలా వచ్చే పింఛను ఆ పథకం నిబంధనల్లో లేదు. ఒకే గుంటలో నిలబడి ఒకే గుండుకు బలైన ఇద్దరి తల్లుల్లో ఒకరికి పింఛను ఉండి ఒకరికి లేకపోవడం ఏ న్యాయం? దండల గురించి కాదు, ఈ తేడా గురించి మనం మాట్లాడాలి.

గల్లంతైనవాళ్ళ భార్యల గురించి కూడా ఒక మాట. 1971 యుద్ధంలో గల్లంతైన మన సైనికులు 54 మంది అని లెక్క. వాళ్ళలో చాలామంది వైమానిక దళం వాళ్ళు. వాళ్ళు తమ దగ్గర లేరని పాకిస్తాన్ అంటూ వచ్చింది. 1983లో, 2007లో కుటుంబ సభ్యులు అక్కడి జైళ్ళకు వెళ్ళి వెతికారు. ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ తాంబే భార్య దమయంతి తాంబే పేరు మీలో కొందరికి తెలుసుండాలి. జాతీయ బ్యాడ్మింటన్ చాంపియన్ ఆమె. పెళ్ళయిన రెండేళ్ళలోపే భర్త విమానం కూలింది. దశాబ్దాలపాటు ఆమె ఆఫీసులచుట్టూ తిరిగి అడిగింది ఒకటే: నా భర్త ఏమయ్యాడో చెప్పండి. తెలుసుకునే హక్కు అంటే ఇదే.

మన ఊళ్ళలో ఈ హక్కు అవసరమైన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. కరువుకు తట్టుకోలేక బెంగుళూరుకో కేరళకో గల్ఫుకో పోయిన మనిషి నుంచి ఫోను ఆగిపోతుంది. ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. రేషను కార్డులో అతని పేరుంటుంది, బ్యాంకు అప్పు ఆమె మీద ఉంటుంది, భూమి పాసుపుస్తకం మారదు. ఏడేళ్ళపాటు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అదే నియమం భారతీయ సాక్ష్య అధినియంలో 111వ సెక్షన్‌గా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కనపడకపోతే పోలీసు రిపోర్టు ఇచ్చిన ఆరు నెలలకు కుటుంబ పింఛను అడిగే వీలుంది. కూలివాడి భార్య మాత్రం ఏడేళ్ళు ఆగాలి, ఆ తర్వాత కోర్టుకు పోవాలి.

అందుకని ఈ సమావేశం ముందు నాలుగు పనులు పెడుతున్నాను.

ఒకటి. మనిషి కనపడని రోజే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయించాలి, దాని నకలు భార్య చేతిలో ఉండాలి. కాగితం లేకపోతే ఏడేళ్ళు ఎప్పుడు మొదలయ్యాయో ఆమె రుజువు చేసుకోలేదు. సంఘాల్లో పనిచేసేవాళ్ళు తోడు వెళ్ళాలి.

రెండు. కూలివాళ్ళ కుటుంబాలకు ఏడేళ్ళ గడువులోపే తాత్కాలిక సాయం కోసం, అప్పు వసూళ్ళు ఆపడం కోసం ప్రభుత్వాన్ని అడగాలి. ఉద్యోగికి ఆరు నెలలు చాలినప్పుడు కూలికి ఎందుకు చాలవు?

మూడు. చనిపోయిన ప్రతి జవాను కుటుంబానికీ, ఏ పథకం కింద చేరినా, ఒకే పింఛను ఉండాలి.

నాలుగు. మన మండలాల్లో ముసలివాళ్ళు ఇంకా ఉన్నప్పుడే కూర్చుని రాసుకోవాలి. ఏ యుద్ధానికి ఎవరు పోయారు, ఎవరు రాలేదు, ఆ ఇంటి ఆడవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు. సైనికుడి పేరు పక్కన తల్లి పేరు, భార్య పేరు రాయాలి. ఇది ఏ ప్రభుత్వమూ మనకు చేసి పెట్టదు.

మైనార్‌స్కీ చెరువులు ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టి ఉంటాయి. మన చెరువులు చాలా ఏళ్ళు ఎండి ఉంటాయి. ఏ చెరువుకు ఎవరి పేరు పెట్టినా ఆ మనిషి ఎందుకు పోవాల్సొచ్చిందో, వెనక మిగిలినవాళ్ళకు ఏం అందిందో అడిగితేనే ఆ పేరుకు విలువ. మీ ఊళ్ళలో ఇలాంటి కుటుంబాలు మీకు తెలిసే ఉంటాయి. ఇప్పుడు మీరు మాట్లాడండి, మేము రాసుకుంటాం.